పది డాలర్ల యూనిట్: జాక్సన్‌విల్ కరెంటు సంస్థ అమ్మకంలో లెక్క అడిగిందెవరు?

2019 జూలై 23న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, జాక్సన్‌విల్ నగరంలో జేఈఏ బోర్డు సమావేశం జరిగింది. ఆ ఊరికి కరెంటు, మంచినీళ్లు, మురుగునీటి వ్యవస్థ మూడూ చూసేది జేఈఏనే. అది నగరం సొంత సంస్థ. ఆ రోజు బోర్డు ముందుకు వచ్చిన అంశాల్లో రెండు పెద్దవి. సంస్థను ప్రైవేటు చేతికి ఇచ్చే అవకాశాన్ని పరిశీలించడం మొదటిది. ఉద్యోగులకు ఒక దీర్ఘకాల ప్రోత్సాహక పథకం పెట్టడం రెండోది. బోర్డు రెండింటికీ ఒప్పుకుంది. ఊరంతా మొదటిదాని గురించే మాట్లాడుకుంది. రెండోది జీతభత్యాల వ్యవహారంలా కనిపించింది కాబట్టి అప్పట్లో పెద్దగా ఎవరి కంటా పడలేదు. ఐదేళ్ల తర్వాత సంస్థ మాజీ అధిపతికి కోర్టు నాలుగేళ్ల జైలు శిక్ష వేసింది ఆ రెండోదాని మీదే.

ఈ వ్యవహారాన్ని చాలామంది ప్రైవేటీకరణ మంచిదా చెడ్డదా అన్న చర్చగానే చూశారు. ఆ చర్చ అవసరమే. కానీ జరిగినదాన్ని వరసగా చూస్తే అంతకంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. ఆస్తి నగరానిది. బోర్డు సభ్యులను పెట్టింది నగరం. లాయర్లు నగరం వాళ్లు. మేయరూ కౌన్సిలూ ప్రజల ఓట్లతో వచ్చినవాళ్లు. సమావేశాలు తలుపులు తెరిచే జరిగాయి. ఇన్ని ఉన్నా, సంస్థను అమ్మితే పైఅధికారులకు కోట్ల డాలర్లు ముట్టే ఏర్పాటు ఒకటి బోర్డు ఆమోదం పొంది నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ప్రజల ఆస్తి అనే మాట ఒక్కటే దాన్ని ఆపలేదు. మేయర్ కింద కాకుండా కౌన్సిల్ కింద పనిచేసే కొద్దిమంది ఆడిటర్లు కాగితం, పెన్ను పట్టుకుని లెక్క కట్టి చూశాకే దాని అసలు రూపం జనానికి తెలిసింది.

అసలు జేఈఏ ఎలాంటి సంస్థో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో డిస్కంలు రాష్ట్ర ప్రభుత్వానివి. నగరపాలక సంస్థే కరెంటు అమ్మడం మన దగ్గర కనిపించదు. దేశంలో దానికి దగ్గరగా ఉన్నవాటిలో ఒకటి ముంబై నగరపాలక సంస్థ కింద నడిచే బెస్ట్. జాక్సన్‌విల్ నగరం మాత్రం 1895 నుంచే సొంతంగా కరెంటు తయారు చేసుకుంటోంది. 1960ల్లో ఆ నగర పాలన అవినీతి కేసులతో పరువు పోగొట్టుకుంది. పలువురు అధికారుల మీద గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం, అభియోగాలు మోపింది. ఆ కోపంతోనే ప్రజలు నగరాన్నీ, చుట్టూ ఉన్న డువాల్ కౌంటీనీ ఒకే పాలన కిందికి తెస్తూ ఓటు వేశారు. 1968లో కొత్త పాలన మొదలైంది. కరెంటు శాఖ విడిగా ఒక అథారిటీ అయింది. రోజువారీ రాజకీయం నుంచి దాన్ని కాస్త దూరం పెట్టాలన్నది ఆలోచన. 1997లో నీళ్లు, మురుగునీటి బాధ్యత కూడా దానికే ఇచ్చారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ డిస్కం చార్జీలు పెంచాలంటే విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్సీ ముందుకు వెళ్లాలి. బహిరంగ విచారణ జరుగుతుంది. ఎవరైనా అభ్యంతరాలు దాఖలు చేయవచ్చు, నిలబడి ప్రశ్నించవచ్చు. ఆ విచారణలు ఎంత గట్టిగా సాగుతాయి అన్నది వేరే సంగతి. సంస్థకు బయట లెక్క చూసే ఒక చోటు అంటూ ఉంది. ఫ్లోరిడాలో ప్రైవేటు కరెంటు కంపెనీల చార్జీలను రాష్ట్ర కమిషన్ నిర్ణయిస్తుంది. నగరాల సొంత సంస్థలు ఎంత వసూలు చేయాలో మాత్రం ఆ కమిషన్ చెప్పదు. జేఈఏ చార్జీలు నిర్ణయించేది జేఈఏ బోర్డే. అంటే యాజమాన్యమూ, నియంత్రణా రెండూ ఏడుగురు సభ్యుల బోర్డు చేతిలోనే ఉన్నాయి. ఆ సభ్యులకు అది పూర్తికాల ఉద్యోగం కాదు. వ్యాపారాలూ వృత్తులూ చేసుకుంటూ బోర్డులో కూర్చునేవాళ్లు. అప్పటి నియమం ప్రకారం ఏడుగురినీ మేయరే ప్రతిపాదిస్తారు, కౌన్సిల్ ఆమోదిస్తుంది. ఆ బోర్డు మెతకబడితే ఆపడానికి దాని పైన రోజూ చూసే కన్ను ఇంకొకటి లేదు.

డబ్బు కోణం కూడా చిన్నది కాదు. జేఈఏ ఏటా నగర ఖజానాకు దాదాపు 12 కోట్ల డాలర్లు ఇచ్చేది. పోలీసులు, అగ్నిమాపక దళం, గ్రంథాలయాలు, పార్కులు నడిచే బడ్జెట్‌లోకి ఆ డబ్బు వెళ్తుంది. దాన్ని అమ్మితే ఒక్కసారిగా వందల కోట్ల డాలర్లు వస్తాయి. ఎన్నికైన నాయకుడికి ఏటా వచ్చే పాలకంటే ఒకేసారి చేతికొచ్చే ఆవు ధర ఎక్కువగా కనిపించడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

అమ్మకం మాట మొదట బయటికి వచ్చింది 2017 నవంబరులో. బోర్డు నుంచి తప్పుకుంటున్న చైర్మన్ టామ్ పెట్‌వే, సంస్థ విలువ ఎంతో చూడాలని అన్నారు. 2018 ఫిబ్రవరిలో ఒక ఆర్థిక సలహా సంస్థ నివేదిక ఇచ్చింది. దాని అంచనా ప్రకారం జేఈఏ విలువ 750 కోట్ల నుంచి 1,100 కోట్ల డాలర్ల మధ్య ఉంటుంది. అప్పులూ బాధ్యతలూ తీరాక నగరానికి మిగిలేది అందులో ఒక భాగం. మేయర్ లెనీ కర్రీ దీన్ని చర్చించాల్సిన విషయమే అన్నారు. కౌన్సిల్ అధ్యక్షురాలు ఆనా బ్రోషే ఒప్పుకోలేదు. ఆమె వృత్తిరీత్యా అకౌంటెంట్. ఇద్దరిదీ రిపబ్లికన్ పార్టీయే. కాబట్టి ఇది పార్టీల కొట్లాట కాదు. ఆమె ఒక ప్రత్యేక కమిటీని వేశారు. ఆ కమిటీ బహిరంగంగా ప్రశ్నలు అడిగింది. ఊళ్లో వ్యతిరేకత పెరిగింది. 2018 వసంతంలో మేయర్ వెనక్కి తగ్గారు. ఆ ఏడాది నవంబరులో జరిగిన అభిప్రాయ ఓటులో, జేఈఏను అమ్మాలంటే ప్రజల ఓటు తప్పనిసరి కావాలని భారీ మెజారిటీ చెప్పింది.

అక్కడితో ఈ విషయం ముగిసిందని చాలామంది అనుకున్నారు. కానీ ఆ సమయంలోనే సంస్థ పగ్గాలు చేతులు మారాయి. సీఈఓ పాల్ మెక్‌ఎల్‌రాయ్ 2018 ఏప్రిల్‌లో తప్పుకున్నారు. ఆయన స్థానంలో తాత్కాలికంగా ఆరన్ జాన్‌ను కూర్చోబెట్టారు. కొద్ది నెలల ముందే మేయర్ ఆయన్ను బోర్డులోకి తెచ్చారు. వ్యాపారవేత్త. పెద్ద కరెంటు సంస్థను నడిపిన అనుభవం లేదు. నవంబరులో ఆయన్నే శాశ్వత సీఈఓగా ఎంచుకున్నారు. సుమారు రెండు వేల మంది పనిచేసే సంస్థ, నాలుగు లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు ఇచ్చే సంస్థ. దానికి అధిపతిని ఎంచుకునేటప్పుడు బోర్డు చూసిన అర్హతలేమిటన్న ప్రశ్న ఆ రోజే గట్టిగా అడగాల్సింది. మేయర్ కర్రీ 2019 మార్చి ఎన్నికల్లో మళ్లీ గెలిచారు. ఆయన మీద పోటీ చేసి ఓడినవాళ్లలో బ్రోషే ఒకరు. అమ్మకం ప్రక్రియ అధికారికంగా మొదలైంది ఆ ఎన్నికలయ్యాక, జూలైలో. ఓటరు ముందుకు వెళ్లినప్పుడు లేని అంశం, ఓటు పడిన నాలుగు నెలలకు బోర్డు బల్ల మీదకు వచ్చిందన్నమాట. ఈ క్రమంలో నేరం ఏమీ లేకపోవచ్చు. ప్రజలకు జవాబు చెప్పడం అనే కోణంలో మాత్రం ఇది చిన్న విషయం కాదు.

జేఈఏకు నిజంగా కష్టాలు లేవా అంటే, ఉన్నాయి. వాటిలో పెద్దది జార్జియాలోని వోగ్టల్ అణు కేంద్రం ఒప్పందం. అక్కడ కడుతున్న రెండు కొత్త రియాక్టర్ల నుంచి 206 మెగావాట్లు కొనడానికి జేఈఏ 2008లో సంతకం చేసింది. నిర్మాణం ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ప్రాజెక్టు మొత్తం ఖర్చు మొదటి అంచనాకు రెట్టింపు దాటింది. కరెంటు రాకముందే ఆ భారంలో వాటా జేఈఏ మీద పడటం ఖాయమైంది. 2018లో జేఈఏ, నగరం కలిసి ఆ ఒప్పందం చెల్లదని కోర్టుకెళ్లాయి. సంతకం చేసిన ఒప్పందం నుంచి బయటపడాలని చూసే సంస్థగా పేరు పడటంతో రేటింగ్ సంస్థ మూడీస్ దాని పరపతి రేటింగ్ తగ్గించింది. 2020 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఒప్పందం చెల్లుతుందని తేల్చింది. తర్వాత రాజీ కుదిరింది.

రెండో కష్టం కరెంటు అమ్మకాలు పెరగకపోవడం. ఊరు పెరుగుతోంది, కనెక్షన్లు పెరుగుతున్నాయి. అయినా ఎల్‌ఈడీ బల్బులూ తక్కువ కరెంటు తాగే ఏసీలూ వచ్చాక ఒక్కో ఇంటి వాడకం తగ్గింది. అమెరికాలో చాలా సంస్థలది ఇదే పరిస్థితి. యాజమాన్యం ఈ వాస్తవాన్ని తీసుకుని దాని మీద భయంకరమైన చిత్రం గీసింది. అమ్మకాలు పడిపోతాయి, దాంతో చార్జీలు పెంచాలి, చార్జీలు పెరిగితే జనం సోలార్ వైపు పోతారు, అమ్మకాలు ఇంకా పడతాయి. విద్యుత్ రంగంలో దీన్ని డెత్ స్పైరల్ అంటారు. జూలై సమావేశంలో బోర్డుకు మూడు దారులు చూపించారు. ఇప్పుడున్నట్టే నడపడం ఒకటి. ఉద్యోగాలు కోసి, చార్జీలు పెంచి, నగరానికి ఇచ్చే డబ్బు తగ్గించి బతకడం ఇంకొకటి. మూడోది యాజమాన్యాన్నే మార్చే "సంప్రదాయేతర" దారి. మొదటి రెండూ బావిలోకి దారితీసేలా ఉన్నప్పుడు మూడోది ఎంచుకోవడం సహజమే. కానీ ఆ బావి లోతు కొలిచింది ఎవరు? అంకెలు తయారు చేసింది యాజమాన్యం. అంతకు కొన్నేళ్ల ముందు నుంచీ ఇదే సంస్థ అప్పులు గడువుకు ముందే తీరుస్తూ వచ్చింది. బోర్డు సభ్యులు స్వతంత్రంగా ఇంకొకరిని పిలిచి ఆ అంచనాలు సరిచూపించుకోలేదు. మొత్తం వ్యవహారంలో మొదటి పెద్ద లోపం ఇదేనని చెప్పాలి. కుంభకోణం బయటపడకపోయి ఉన్నా ఇది లోపంగానే ఉండేది.

ఇక అసలు పథకం. దాని పేరు పెర్ఫార్మెన్స్ యూనిట్ ప్లాన్. ప్రైవేటు కంపెనీల్లో ఉద్యోగులకు షేర్లు ఇస్తారు, కంపెనీ విలువ పెరిగితే వాళ్లూ లాభపడతారు. నగరం సంస్థలో షేర్లు ఉండవు కాబట్టి, షేరు లాంటి ఒక యూనిట్‌ను సృష్టించారు. ఉద్యోగి పది డాలర్లు పెట్టి ఒక యూనిట్ కొనుక్కుంటాడు. మూడేళ్లలో సంస్థ విలువ ఒక మెట్టు దాటి పెరిగితే, పెరిగిన ప్రతి శాతానికీ యూనిట్ మీద డబ్బు వస్తుంది. పెరగకపోతే పెట్టిన డబ్బు తగ్గవచ్చు. ఇంతవరకూ వింటే న్యాయంగానే ఉంది. కష్టపడి సంస్థను బాగు చేస్తే ప్రతిఫలం.

కిటుకు "విలువ" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఉంది. సంస్థను అమ్మితే నగరానికి వచ్చే డబ్బు కూడా ఆ విలువ పెరుగుదలలోనే కలుస్తుంది. మామూలుగా నడిచే కరెంటు సంస్థ విలువ ఏటా కొద్దికొద్దిగా పెరుగుతుంది. అమ్మకం జరిగితే లెక్కలోకి ఒక్కసారిగా వందల కోట్ల డాలర్లు వచ్చి పడతాయి. అప్పుడు పది డాలర్ల యూనిట్ ఊహించనన్ని రెట్లవుతుంది. ఆ పెరుగుదల ఎవరి పనితనం వల్లా వచ్చింది కాదు. నూట పాతికేళ్లుగా జాక్సన్‌విల్ జనం బిల్లులు కట్టి కూడబెట్టిన ఆస్తి విలువ అది. అమ్మితే ఆ డబ్బు నగర ఖజానాకు చేరాలి. ఈ పథకం అందులోంచి ఒక ముక్కను ముందుగానే పక్కకు తీసిపెట్టింది. పథకం ఉద్యోగులందరిదీ అని పేరు. ఎవరికి ఎన్ని యూనిట్లు అన్నది తేలేసరికి పెద్ద వాటాలు పైవాళ్లకే పోయేలా ఉందని ప్రాసిక్యూటర్లు తర్వాత కోర్టులో వాదించారు.

అమ్మకానికి కౌన్సిల్ అనుమతి కావాలి, ప్రజల ఓటు కావాలి. ఈ పథకానికి అవేవీ అక్కర్లేదు. బోర్డు ఊ అంటే చాలు. అందుకే అది నిశ్శబ్దంగా దాటిపోయింది.

ఆగస్టు మొదట్లో జేఈఏ కొనుగోలుదారులకు ఆహ్వానం పంపింది. నగరానికి కనీసం 300 కోట్ల డాలర్లు మిగలాలి, వినియోగదారులకు కొంత డబ్బు తిరిగి ఇవ్వాలి, మూడేళ్లు చార్జీలు పెంచకూడదు వంటి షరతులు పెట్టింది. 16 ప్రతిపాదనలు వచ్చాయి. తర్వాత బయటపడిన వివరాల ప్రకారం అన్నిటికంటే పెద్దది నెక్స్‌ట్‌ఎరా కంపెనీది, 1,105 కోట్ల డాలర్లు. ఫ్లోరిడాలో ప్రైవేటు కరెంటులో అగ్రస్థానంలో ఉన్న ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ దానిదే. ప్రక్రియ నడుస్తున్నన్నాళ్లూ ఎవరూ మాట్లాడకూడదన్న నియమం పెట్టారు. టెండర్లలో ఇలాంటి నియమం అవసరమే, లేకపోతే పైరవీలు పెరుగుతాయి. అదే నియమం ఎన్నికైన కౌన్సిల్ సభ్యులు ప్రశ్నించినప్పుడు కూడా అడ్డుగోడగా నిలిచింది. పోటీదారుల మధ్య ఉండాల్సిన రహస్యం, యజమానికి కూడా వర్తించడం మొదలైంది. ప్రభుత్వ సంస్థల అమ్మకాలు ఎక్కడ జరిగినా ఈ ఒక్క తేడా మీద కన్నేసి ఉంచడం మంచిది.

శరత్కాలానికి కౌన్సిల్ ఆడిటర్ కైల్ బిల్లీ కార్యాలయం ఆ పథకం కాగితాలు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టింది. జాక్సన్‌విల్‌లో ఈ ఆడిటర్‌ను నియమించేది కౌన్సిల్. జీతం కోసం మేయర్ వైపు గానీ జేఈఏ వైపు గానీ చూడాల్సిన పని లేదు. వాళ్లు వేసిన ప్రశ్న చాలా సాదాది: సంస్థను అమ్మితే ఈ యూనిట్ల మీద ఎంత చెల్లించాలి? సూత్రంలో అమ్మకం ధర పెట్టి చూస్తే వందల మిలియన్ల డాలర్లు తేలింది. ఆడిటర్ల ప్రశ్నలు, నగర న్యాయవాది కార్యాలయం అభ్యంతరాలు వచ్చాక నవంబరులో జాన్ పథకాన్ని పక్కన పెడుతున్నట్టు చెప్పారు. ఆ వెంటనే ఆడిటర్ల లెక్క బహిరంగమైంది. కమిటీ గదిలో కూర్చున్న కౌన్సిల్ సభ్యులకు, టీవీ ముందున్న జనానికి అప్పటిదాకా అర్థంకాని విషయం ఒక్క అంకెతో అర్థమైపోయింది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. కౌన్సిల్ వరసగా సమావేశాలు పెట్టి ప్రశ్నలు కురిపించింది. స్థానిక పత్రిక ఫ్లోరిడా టైమ్స్-యూనియన్ విలేకరులు, ఫ్లోరిడా బహిరంగ రికార్డుల చట్టాన్ని ఆయుధంగా చేసుకుని ఒక్కొక్క పత్రం బయటికి లాగారు. డిసెంబరు మధ్యలో బోర్డు జాన్‌ను సెలవుపై పంపింది. మేయర్ కూడా ప్రక్రియ ఆపమన్నారు. డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రోజు, బోర్డు అమ్మకాన్ని రద్దు చేసింది. 2020 జనవరి 28న జాన్‌ను తొలగించింది. ఆ బోర్డు సభ్యులు కూడా తప్పుకున్నారు. పాత సీఈఓ మెక్‌ఎల్‌రాయ్‌ను కొన్నాళ్లకు తిరిగి పిలవాల్సి వచ్చింది.

కోర్టులో కథ అంత తేలిగ్గా సాగలేదు. స్థానిక ప్రాసిక్యూటర్ మెలిసా నెల్సన్ తన దగ్గరున్న దర్యాప్తును ఫెడరల్ అధికారులకు అప్పగించారు. 2022 మార్చిలో జాన్ మీద, ఆర్థిక అధిపతిగా పనిచేసిన రయాన్ వానెమాకర్ మీద కుట్ర, వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ లాంటి సాధనాలు వాడి చేసే మోసం) అభియోగాలు వచ్చాయి. ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి ముందుకొచ్చింది. జాన్‌ను తొలగించే ముందు నగర న్యాయవాదులు ఆయన్ను ప్రశ్నించారు. జవాబు చెప్పకపోతే ఉద్యోగం పోతుందన్న ఒత్తిడిలో ప్రభుత్వ ఉద్యోగి ఇచ్చిన మాటలను అతని మీద క్రిమినల్ కేసులో వాడకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆ మాటల ప్రభావం కేసు మీద పడిందని జాన్ లాయర్లు వాదించారు. పడలేదని నిరూపించే భారం ప్రభుత్వం మీద పడింది. దానిమీద విడిగా రోజుల తరబడి విచారణ నడిచింది. కేసు నిలబడింది గానీ, ప్రమాదం నిజమైనదే. తప్పు చేసినవాళ్లను త్వరగా ప్రశ్నించి తొలగించాలన్న తొందర ఒక పక్క, శిక్ష పడేలా సాక్ష్యం కాపాడుకోవాలన్న జాగ్రత్త మరో పక్క. రెంటినీ ఒకే కార్యాలయం సమన్వయం లేకుండా మోస్తే రెండూ చెడతాయి.

ఆ మాటల సమస్య వల్లే ఒకే కోర్టు గదిలో ఇద్దరు నిందితులకు రెండు వేర్వేరు జ్యూరీలను కూర్చోబెట్టి విచారణ జరిపారు. 2024 మార్చిలో తీర్పులు వచ్చాయి. జాన్ రెండు అభియోగాల్లోనూ దోషి. వానెమాకర్ నిర్దోషిగా బయటపడ్డారు. జూలైలో జాన్‌కు న్యాయమూర్తి బ్రయన్ డేవిస్ నాలుగేళ్ల శిక్ష వేశారు.

జాన్ పక్షం వాదన కొట్టిపారేయదగ్గది కాదు. పథకాన్ని పెద్ద పెద్ద లా ఫర్మ్‌లు, సలహాదారులు చూశారు. బోర్డు బహిరంగ సమావేశంలో ఓటు వేసింది. ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు, ఒక్క డాలరూ ఎవరి జేబులోకీ వెళ్లలేదు. మరి నేరం ఎక్కడ? ప్రాసిక్యూటర్ల జవాబు ఏమిటంటే, బోర్డు చూసిన కాగితాల్లో అసలు విషయం చెప్పలేదు. అమ్మకం జరిగితే ఎంత చెల్లించాలో కావాలనే దాచారు. తెలియకుండా ఇచ్చిన ఆమోదం ఆమోదం కాదు. జ్యూరీ దీన్నే నమ్మింది. ఈ తీర్పులో ముఖ్యమైన విషయం ఇదే. తలుపులు తెరిచి పెట్టిన సమావేశం, వెబ్‌సైట్‌లో పెట్టిన కాగితం, లాయరు సంతకం, ఇవన్నీ ఉన్నంత మాత్రాన పారదర్శకత ఉన్నట్టు కాదు. వందల పేజీల ఫైలులో ఒక నిర్వచనం కింద దాక్కున్న అంకెను బయటపెట్టమని అడిగే బాధ్యత ఎవరిదో ముందే తెలిసి ఉండాలి. జేఈఏ బోర్డులో ఆ రోజు ఆ బాధ్యత ఎవరూ తీసుకోలేదు. పది డాలర్ల యూనిట్ అమ్మకం జరిగితే ఎంతవుతుందని ఒక్క సభ్యుడు గట్టిగా అడిగి, జవాబు రాసి ఇవ్వమని ఉంటే, ఈ కథ జూలై 23నే ముగిసేది.

జాక్సన్‌విల్‌కే ప్రత్యేకమైన ఇంకో బలహీనత కూడా ఉంది. ఏకీకృత పాలనలో మేయర్‌కూ, కౌన్సిల్‌కూ, జేఈఏ లాంటి అథారిటీలకూ ఒకటే న్యాయవాది కార్యాలయం. అందరి మధ్య వ్యాజ్యాలు రాకుండా 1968లో పెట్టిన ఏర్పాటు అది. మామూలు రోజుల్లో ఖర్చు తగ్గిస్తుంది. కానీ సంస్థ యాజమాన్యం ప్రయోజనం, నగరం ప్రయోజనం ఎదురుబొదురుగా నిలబడిన రోజు ఆ లాయరు ఎవరి తరఫున మాట్లాడతాడు? ఆడిటర్ ఎవరి మనిషో ఎవరికీ సందేహం లేదు. లాయర్ విషయంలో అంత స్పష్టత లేదు. పని జరిగింది స్పష్టత ఉన్నచోట.

2020 నవంబరులో ప్రజలు నగర చార్టర్‌ను మార్చారు. బోర్డులో ఏడుగురిలో నలుగురిని ఇప్పుడు కౌన్సిల్ ఎంచుకుంటుంది, ముగ్గురిని మేయర్. కౌన్సిల్ వేసిన ప్రత్యేక దర్యాప్తు కమిటీ 2021 మొదట్లో సుదీర్ఘ నివేదిక ఇచ్చింది. మేయర్ కర్రీ మీద ఏ అభియోగమూ రాలేదు. 2023 దాకా పదవీకాలం పూర్తి చేసుకుని దిగిపోయారు. ఆ రోజు పథకానికి ఓటు వేసిన బోర్డు సభ్యుల మీదా కేసుల్లేవు. చట్టం ముందు జవాబు చెప్పాల్సింది ఒక్కడే అని కోర్టు తేల్చింది. రాజకీయంగా జవాబు చెప్పాల్సిన వాళ్ల జాబితా అంతకంటే పొడవైనది. దాన్ని కోర్టు తేల్చదు, తేల్చకూడదు కూడా. నియామకాన్ని కౌన్సిల్ వైపు జరపడం వల్ల ఒకరి చేతి నుంచి అధికారం కొంత తగ్గింది. కానీ కౌన్సిల్ సభ్యులూ రాజకీయ నాయకులే. బోర్డుకు సొంతంగా అంకెలు సరిచూసుకునే సిబ్బంది లేకపోతే, ఎవరు నియమించినా ఆ ఏడుగురూ యాజమాన్యం చూపించిన స్లైడ్ల మీదే ఆధారపడతారు.

మేయర్‌కూ కౌన్సిల్‌కూ మధ్య కొట్లాట చూసి విసుక్కున్నవాళ్లు ఆ ఊళ్లో ఉండే ఉంటారు. ఎప్పుడూ గొడవలే, పని జరగనివ్వరు అనే మాట మన మునిసిపాలిటీల్లోనూ వినిపిస్తుంది. జేఈఏ విషయంలో మాత్రం 2018లో వేసిన ప్రత్యేక కమిటీ, అభిప్రాయ ఓటు, 2019లో ఆడిటర్ల ప్రశ్నలు, ఇవన్నీ ఆ గొడవలోంచే వచ్చాయి. అందరూ ఒకే మాట మీద ఉన్న చోటు బోర్డు గది ఒక్కటే.

ఇదే అమెరికాలో నలభై ఏళ్ల ముందు దీనికి తలకిందులైన సంఘటన జరిగింది. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరానికి మ్యూని లైట్ అనే సొంత కరెంటు సంస్థ ఉండేది. 1978లో నగరం బ్యాంకులకు బాకీ పడింది. మ్యూని లైట్‌ను పోటీ ప్రైవేటు కంపెనీకి అమ్మితేనే గడువు పొడిగిస్తామని బ్యాంకులు ఒత్తిడి తెచ్చాయని యువ మేయర్ డెనిస్ కుసినిచ్ ఆరోపించారు. ఆయన అమ్మలేదు. డిసెంబరు 15న నగరం అప్పు ఎగ్గొట్టింది. రెండు నెలలకు జరిగిన ఓటులో ప్రజలు పన్ను పెంపుకు ఒప్పుకున్నారు, అమ్మకాన్ని తిరస్కరించారు. 1979 చివర్లో జరిగిన ఎన్నికల్లో కుసినిచ్ మాత్రం ఓడిపోయారు. సంస్థ ఇప్పటికీ క్లీవ్‌లాండ్ పబ్లిక్ పవర్ పేరుతో నగరం చేతిలోనే ఉంది. అక్కడ నాయకుడు నిలబడ్డాడు, ఇక్కడ ఆడిటర్లు నిలబడ్డారు. రెండు ఊళ్లలోనూ చివరి మాట జనం ఓటుకు వదలాలన్న పట్టు ఉండటం వల్లే అమ్మకం తొందరగా జరిగిపోలేదు.

కరెంటు చార్జీలు ఎంత మండే విషయమో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు చూసిన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన దగ్గర చర్చ ఎక్కువగా చార్జీ దగ్గర, సబ్సిడీ దగ్గర ఆగుతుంది. డిస్కం బోర్డులో ఎవరున్నారు, వాళ్లకు ఎవరు జవాబు చెబుతారు, విద్యుత్ కొనుగోలు ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ అంకెలు ఎవరు సరిచూశారు అన్నదాకా వెళ్లదు. వోగ్టల్ లాంటి దీర్ఘకాల ఒప్పందాల భారం ఇక్కడి వినియోగదారులకూ అనుభవమే. జాక్సన్‌విల్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా నెలనెలా జేఈఏ బిల్లు కడుతూనే ఉన్నాయి.

వోగ్టల్ మూడో రియాక్టర్ 2023 జూలైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. దాని ఖర్చు ఇప్పుడు జాక్సన్‌విల్ బిల్లుల్లో ఉంది, ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. సంస్థకు నిజంగా ఉన్న ఆ సమస్య గురించి 2019లో ఊరంతా కూర్చుని తాపీగా మాట్లాడుకోవాల్సింది. యూనిట్ల గొడవలో ఆ చర్చ జరగనే లేదు.